కారులో దయ్యం

మా అన్నయ్య కొడుకు సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. అప్పుడప్పుడు ఎడమవైపు నుంచి టకటకమని చప్పుడు. మెకానిక్‌ని ఎక్కించుకుంటే రాదు! పాత యజమాని ప్రమాదంలో పోయాడని ఎవరో అన్నారు. వదిన నిమ్మకాయలు కట్టించి, వాడి పక్కన కూర్చుని గుడికి వెళ్ళొచ్చింది. చప్పుడు లేదు. మర్నాడు మళ్ళీ మొదలు. నష్టానికైనా అమ్మేస్తానన్నాడు వాడు.

మిలిటరీ పద్దులు చూసినవాణ్ణి. నోటు పుస్తకంలో గడులు గీసి ఇచ్చాను: వేగం, రోడ్డు, పక్కన ఎవరు. పది రోజుల్లో 17 సార్లు మోగింది. 17 సార్లూ పక్క సీటు ఖాళీ. ఎవరూ పెట్టుకోని సీటు బెల్టు బిళ్ళ, గతుకుల్లో పక్కనున్న ప్లాస్టిక్‌కి కొట్టుకుంటోంది. చేత్తో ఊపితే అదే చప్పుడు. గుడ్డముక్క చుట్టాం, పోయింది.

గుడికెళ్ళిన రోజు చప్పుడు ఆపింది వదిన పెట్టుకున్న బెల్టే. ఆవిడ మాత్రం, ఆ దేవుడే నాకీ బుద్ధి పుట్టించాడంటోంది!