కొర్రమీను పైకొచ్చే వేళ

చెరువులో స్వేచ్ఛగా తిరిగే చేపను వీడియో తీయడానికి మొదటి అడ్డు నీళ్లే. లక్షద్వీప్ పగడాల దిబ్బల దగ్గర ఎంతో దూరాన ఉన్న చేప కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం దాటి తార్నాక మీదుగా నాచారం, రామంతాపూర్ వైపు వెళితే తగిలే చెరువుల్లో మూరెడు దూరం కనిపిస్తే గొప్ప. నాచు, ఒండ్రు, ఊరి మురుగు కలిసి నీటికి ముదురాకుపచ్చ రంగు తెస్తాయి. చూపు ఎంతవరకు పోతుందో ముందే తేల్చుకోవడానికి జువాలజీ విద్యార్థులు వాడే సెక్కి పళ్లెం చాలు. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఏంజెలో సెక్కి పరీక్షించి చూసిన పద్ధతి ఇది. ఇప్పుడు చెరువుల్లో వాడేది 20 సెంటీమీటర్ల వెడల్పున్న నలుపు తెలుపు పళ్లెం. దాన్ని తాడుతో దించుతూ పోతే కంటికి ఆనకుండా పోయిన లోతే లెక్క. జానెడులోనే మాయమైతే ఆ రోజు కెమెరా దించడం దండగ.

నీటి వక్రీభవన గుణకం 1.33. కెమెరా ముందున్నది బల్లపరుపు గాజైతే చేప అసలు దూరం కన్నా నాలుగో వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. ఫ్రేములో పట్టే మేర ఆ మేరకు తగ్గుతుంది. బోర్లించిన గిన్నెలాంటి గాజు మూత ఈ నష్టాన్ని చాలావరకు పూడుస్తుంది. ఎరుపు వెలుగును నీరు త్వరగా మింగేస్తుందన్నది సముద్రంలో దిగేవారి బెంగ. అరమీటరు లోతులో పనిచేసేవారికి అది అక్కర్లేదు. ఇక్కడి బెడద లైటే. లెన్సు పక్కన లైటు పెడితే తేలాడే రేణువులన్నీ మెరిసి తెర నిండా తెల్లటి చుక్కలు పడతాయి. లైటు ఆర్పేసి, మిట్టమధ్యాహ్నం నిలువునా పడే ఎండను నమ్ముకోవడం మేలు.

కెమెరా చేతబట్టుకుని దిగితే అడుగు వేసినప్పుడల్లా బురద లేస్తుంది. అందుకే దాన్ని వెదురు గడకు కట్టి, అడుగున ఇటుక బరువు వేసి, గుర్రపు డెక్క అంచున వదిలి గట్టెక్కాలి. ఫోనులో చూద్దామంటే వై-ఫై తరంగాలు కొద్దిపాటి నీటిని కూడా దాటలేవు. ఏం పడిందో ఇంటికెళ్లాకే తెలుస్తుంది. కెమెరాను ఉంచిన పెట్టె మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీరు చొరబడుతుంది. ఎండలో కాగిన కెమెరాను అమాంతం చల్లటి నీటిలో ముంచితే లోపలి తేమ గాజుకు పడుతుంది. మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల వేస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇంత చేసినా చేప ఆ మూరెడు దూరంలోకి ఎందుకు రావాలి? ఎర వేస్తే పరిగెలు, జెల్లలు వస్తాయి, కానీ తెర మీద పడేది తిండికి ఎగబడే తోపులాటే. ఎర లేకుండానే పైకి వచ్చి తీరే చేప కొర్రమీను, తెలంగాణ రాష్ట్ర చేప. దానికి మొప్పలొక్కటే చాలవు. మొప్పల పైన, తలలో రెండు గాలి గదులుంటాయి. వాటిని నింపుకోవడానికి ఎప్పటికప్పుడు పైకి రావాలి. వల అడ్డం కట్టి రానివ్వకపోతే నీటిలోనే ఊపిరాడక చస్తుంది. రాంనగర్ మార్కెట్లో బెత్తెడు నీళ్ల తొట్టిలో అది ప్రాణంతో ఉండటానికీ ఈ గుణమే కారణం. ఈ విషయానికీ ఉస్మానియాకూ పాత చుట్టరికముంది. ఇక్కడ జువాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన బి.కె. దాస్ భారతదేశపు గాలి పీల్చే చేపల మీద 1927లోనే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం అచ్చువేశారు. అలాంటి పరిశీలనలకు అప్పట్లో గాజు తొట్టె, కత్తి, సూక్ష్మదర్శినే ఆధారం. తార్నాక పక్కనే ఉన్న సీసీఎంబీ పరిశోధన సంస్థలో జీబ్రా చేపలదీ తొట్టెల బతుకే. వాటి పిండాలు పారదర్శకం కాబట్టి గుండె కొట్టుకోవడం కూడా కెమెరాకు దొరుకుతుంది. కొర్రమీను చెరువులో ఏం చేస్తుందో చూడాలంటే మాత్రం గుర్రపు డెక్క పక్కన కాచుకోవలసిందే.

కెమెరాను నీటి మట్టానికి జానెడు కింద, కాస్త పైకి వంచి పెట్టాలి. వేగం సెకనుకు 120 ఫ్రేములైనా ఉండాలి. మామూలు వేగంలో తీస్తే ఒక నీడ, ఒక తుంపర తప్ప ఏమీ మిగలదు. నెమ్మదిగా తిప్పి చూస్తే చేప నిదానంగా లేచి పైపొర కింద ఆగుతుంది. మూతి ఒక్క ఉదుటున బయటపడి, పాత గాలి పోయి కొత్త గాలి లోపలికి వెళుతుంది. తోక విదిలించి దిగుతుంటే మొప్పల మూతల అంచున మిగులు బుడగలు జారతాయి. వచ్చిన వేళలు రాసుకుంటే ఇంకో సంగతి తేలుతుంది: నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గేకొద్దీ రాకలు దగ్గరపడతాయి. కొంగలకు, లకుముకి పిట్టలకు చిక్కే ప్రమాదమూ అదే పాళ్లలో పెరుగుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన నీళ్లలో తిష్ఠవేసిన దెయ్యం చేప కూడా గాలి మింగగలదు. కాబట్టి అదే ఫ్రేములో అదీ దొరకొచ్చు.

చిక్కల్లా వానాకాలంలో వస్తుంది. కొర్రమీను గుడ్లు పెట్టేది అప్పుడే, నీరు కలకబారేదీ అప్పుడే. గుడ్లు పైకి తేలుతాయి, పెద్ద చేప కింద కాపలా ఉంటుంది. పొదిగాక ఎర్రటి పిల్లలు ముద్దగా తిరుగుతుంటే, ఆ ఎర్ర మచ్చను చూసే బెస్తవాళ్లు తల్లి చేప జాడ పడతారు. కెమెరాను అక్కడికి మరీ దగ్గరగా జరిపితే కాపలా చేప దాని మీదికే దూకొచ్చు, లేదా బెదిరి తొలగిపోవచ్చు. తొలగితే పిల్లలు జెల్లల పాలవుతాయి. గడను దూరంగానే పాతి, వాన వెలిసి ఒండ్రు అడుక్కి దిగిన రోజుల్లో తీయాలి. మరో వాన పడితే, నీరు తేరుకునేదాకా మళ్లీ ఆగాలి.