సంకెళ్లు తెగిన తరువాత



గ్రీకు దేవతల పేర్లు మన సంఘములకు కొత్తవి కావు. లుస్త్రలో జనులు బర్నబాను ద్యుపతి అనీ, పౌలును హెర్మే అనీ పిలిచి బలులు అర్పించబోయిన సంగతి అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయములో చదువుతాము. ఎఫెసులో అర్తెమిదేవి వెండి గుళ్లు చేసేవారు లేపిన అల్లరి 19వ అధ్యాయములో ఉన్నది. ఏథెన్సులో పౌలు నిలిచి మాట్లాడిన అరేయొపగు పేరుకు అరేసు కొండ అని అర్థము చెబుతారు. అరేసు అంటే గ్రీకుల యుద్ధ దేవత. ఈ పాత పేర్లన్నిటినీ తీసుకొని, ఒక అమెరికా చిత్రకారుడు పిల్లల బొమ్మల పుస్తకములోని ఒక వీరనారి కథను 1987లో మళ్లీ మొదటి నుండి అల్లాడు. ఆ కథలో మన కుటుంబములు ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆ వీరనారి పేరు వండర్ ఉమన్. 1941లో విలియం మౌల్టన్ మార్‌స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆమెను కల్పించాడు. హెచ్.జి. పీటర్ ఆమెకు బొమ్మలు గీశాడు. అబద్ధము చెప్పేటప్పుడు మనిషి రక్తపోటు ఎలా మారుతుందో పరిశోధించినవాడు మార్‌స్టన్. తన కథానాయిక చేతికి కత్తి ఇవ్వక, కట్టుబడినవారు చెప్పినట్లు వినవలసి వచ్చే బంగారు తాడు ఇచ్చాడు. పురుషులు అడుగు పెట్టని దీవిలో ఉండే అమెజాను స్త్రీల రాణి హిప్పొలిటా మట్టితో ఒక పసిపాపను చేసిందనీ, ఆ బొమ్మకు ప్రాణము వచ్చిందనీ, ఆ బిడ్డే డయానా అనీ అతని కథ. 1947లో మార్‌స్టన్ చనిపోయిన తరువాత ఈ పాత్ర అనేకుల చేతులు మారింది. 1968లో ఒకరు ఆమె శక్తులన్నీ తీసివేశారు. 1973లో ఇంకొకరు తిరిగి ఇచ్చారు. 1975 నుండి 1979 వరకు టెలివిజనులో కూడా వచ్చింది. కాలక్రమమున కథ చిక్కుపడిపోయి, 1986లో ఆ పత్రికనే ఆపివేశారు.

అప్పుడు దానిని చేపట్టినవాడు జార్జ్ పెరెజ్. న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతములో, పోర్టోరికో నుండి వచ్చిన తల్లిదండ్రులకు 1954లో పుట్టాడు. మొదట గ్రెగ్ పాటర్, తరువాత లెన్ వీన్ రచనలో తోడుండగా, కారెన్ బెర్గర్ సంపాదకురాలిగా ఉండగా, 1987లో కొత్త వరుస మొదలుపెట్టి 1992 వరకు 62 సంచికలు నడిపించాడు. క్లోమ గ్రంథి క్యాన్సరుతో 2022 మే నెలలో మరణించాడు. ఆ తొలి సంచికలను ఒకటిగా కుట్టిన పుస్తకము మా మనుమరాలి ద్వారా మా ఇంటికి వచ్చింది. బొమ్మల పుస్తకమే గదా అని తెరిచి, మేమిద్దరము రెండు రాత్రులు కూర్చుని చదివాము.

పాత గ్రీకు కథలో హిప్పొలిటాకు పెద్ద స్థానము లేదు. హెరాక్లీసు అనే బలాఢ్యునికి అప్పగించిన పన్నెండు పనులలో తొమ్మిదవది ఆమె నడికట్టు తేవడము. వచ్చాడు, తీసుకొని వెళ్లాడు. అతని చేతిలోనే ఆమె చచ్చిందని కూడా చెబుతారు. గెలిచినవానికి పేరు మిగిలింది. పెరెజ్ ఈ కథను ఓడినవారి పక్షమున నిలిచి చెప్పాడు. అతడు చేసిన ముఖ్యమైన మార్పు ఇదే.

అతని కథలో అమెజానులు ఆకాశము నుండి ఊడిపడిన వీరులు కారు. పూర్వకాలమున పురుషుల క్రూరత్వము వలన అన్యాయముగా చనిపోయిన స్త్రీల ఆత్మలు ఒక గుహలో ఉంటాయి. అయిదుగురు దేవతలు ఆ ఆత్మలకే కొత్త దేహములు ఇస్తారు. ఒక్క ఆత్మ మాత్రము మిగిలిపోతుంది. అది గర్భిణిగా హత్యకు గురియైన ఒక స్త్రీ కడుపులోని బిడ్డది. ఆ తల్లే హిప్పొలిటాగా తిరిగి వచ్చింది. ఎన్నో ఏండ్ల తరువాత ఆమె సముద్రపు ఒడ్డున మట్టితో చేసిన పసిపాపలోనికి వచ్చినది ఆ పుట్టని బిడ్డయే. మార్‌స్టన్ నాటి మట్టిబొమ్మను పెరెజ్ పారవేయలేదు. దాని వెనుక ఒక తల్లి దుఃఖమును ఉంచాడు.

హెరాక్లీసు ఆ స్త్రీల పట్టణమునకు వచ్చి మొదట హిప్పొలిటా చేతిలో ఓడిపోతాడు. తరువాత స్నేహము నటించి, విందులో ద్రాక్షారసములో మందు కలిపించి, అందరినీ సంకెళ్లలో వేస్తాడు. ఆ చెరలో హిప్పొలిటా మొర పెట్టినప్పుడు ఆమె సంకెళ్లు తెగుతాయి. అయితే పగ తీర్చుకొనవద్దని ఆమెకు ఆజ్ఞ కలుగుతుంది. ఆ ఆజ్ఞ నిలువలేదు. విడుదల పొందిన స్త్రీలు కనబడినవారినెల్లా నరికారు. ఆమె సహోదరి ఆంటియొపి పగ కోరి కొందరిని వెంటబెట్టుకొని వెళ్లిపోయింది. మిగిలినవారు హిప్పొలిటాతో కలిసి దూరమున ఒక దీవికి వెళ్లి, తమకు జరిగినది మరువకుండునట్లు ముంజేతులకు కడియములు ధరించారు. ఆ దీవికి పెరెజ్ థెమిస్కిరా అని పేరు పెట్టాడు. అది నల్ల సముద్రపు తీరమున అమెజానులు ఉండేవారని గ్రీకులు చెప్పుకొన్న పట్టణము పేరు. పేతురు తన మొదటి పత్రికలో పేర్కొన్న పొంతు ఆ ప్రాంతమే.

డయానా పెరిగి మన లోకమునకు వచ్చినప్పుడు ఆమె ఎదుర్కొన్న మొదటి శత్రువు అరేసు. అమెరికా, సోవియట్ రష్యాల మధ్య అణుయుద్ధము రేపాలని అతని యత్నము. ఆ రెండు దేశముల ఆయుధములకు లోకమంతా భయపడుతున్న కాలమది. డయానా బలముతో అతనిని గెలవలేకపోయింది. బంగారు తాడుతో కట్టి, అతడు కోరుకొనే యుద్ధము జరిగితే ఏమగునో చూపించింది. కాలిపోయిన భూమి. తనకు మ్రొక్కుటకు ఒక్క మనిషియైనా మిగలని శూన్యము. యుద్ధ దేవత దానిని చూచి ఏడ్చాడు. గెలిచినది సత్యమే.

మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసినది 1987 చివర మొదలై 1988లో ముగిసిన భాగము. దీవి అడుగున ఉన్న పాతాళములో తల్లీ కూతుళ్లు ఒక రాతి మనిషిని కనుగొంటారు. ఆ దీవి బరువంతా భుజముల మీద మోస్తూ, వేల ఏండ్లుగా బాధపడుతున్నవాడు హెరాక్లీసే. విడుదల పొందినప్పుడు అతడు తన పరాక్రమము గురించి చెప్పుకోలేదు. తాను చేసిన ద్రోహమును ఒప్పుకొని క్షమాపణ వేడుకొన్నాడు. హిప్పొలిటా క్షమించింది.

ఈ కథను మేము స్త్రీల కూడికలో చెప్పినప్పుడు అందరూ సంతోషించారు. వెనుక కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రము, “అంతా బాగుంది గాని అమ్మా, ఆ రాణిని మళ్లీ వాడితో కాపురానికి పంపలేదు కదా?” అని అడిగింది. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ ప్రశ్న ఎక్కడ నుండి వచ్చిందో అక్కడున్న అనేకులకు తెలుసు.

దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన కూతురితో మనము తరచుగా ఏమి చెబుతాము? క్షమించమ్మా, సర్దుకుపో, సంఘములో పేరు పోతుంది అంటాము. అతనిని మాత్రము ఏమీ అడగము. కొట్టినవాడు ఆదివారము ఆరాధనలో ముందు వరుసలోనే కూర్చుంటాడు. ఆ పెద్దావిడ అడిగినది దీని గురించే.

కథలోని వరుసను గమనించండి. మొదట సంకెళ్లు తెగాయి. తరువాత జరిగిన అన్యాయము దాచబడక, కడియముల రూపములో జ్ఞాపకమున నిలిచింది. దోషి తన దోషమును నోటితో ఒప్పుకొన్నాడు. అప్పుడు గాయపడిన ఆమే, ఎవరి బలవంతమూ లేకుండా, క్షమించింది. మనము ఆ మూడు మెట్లనూ దాటవేసి, కడపటిదానిని మాత్రము స్త్రీ మీద మోపుతున్నాము.

లేఖనములు కూడా ఇట్లే చెబుతున్నవి. యోసేపు అన్నలు తమ అపరాధమును ఒప్పుకొన్నారు. తమ్మునికి బదులుగా తానే దాసుడగుటకు యూదా ముందుకు వచ్చాడు. అప్పుడు యోసేపు ఏడ్చి వారిని కౌగిలించుకొన్నాడు గాని, తనను అమ్మివేసిన మాట దాచలేదు. జక్కయ్య నోటిమాటతో సరిపెట్టక, అన్యాయముగా తీసుకొన్నదానిని నాలుగంతలు ఇస్తానన్నాడు. ఇక రెండవ సమూయేలు 13వ అధ్యాయములోని తామారును తలంచండి. అన్న ఊరకుండుమన్నాడు. తండ్రి దావీదు కోపపడ్డాడే గాని న్యాయము తీర్చలేదు. రెండేండ్ల తరువాత ఆ ఇంటిలో రక్తము చిందింది. న్యాయము జరగని ఇంటిలో పగ పుడుతుంది. ఆంటియొపి వెళ్లిన దారి అదే.

ఇది అన్య దేవతల కథ గదా, మనకెందుకు అని కొందరు అడుగవచ్చును. పౌలు ఏథెన్సులో వారి కవుల మాట ఎత్తి చెప్పాడు గాని, వారి విగ్రహములకు మ్రొక్కలేదు. మేము కూడా అంతవరకే వెళ్తున్నాము. కథకును సువార్తకును ఉన్న భేదమును మరువరాదు. హెరాక్లీసు తన పాపభారమును తానే వేల ఏండ్లు మోశాడు. మన పాపభారమును మన ప్రభువు సిలువ మీద మోశాడు. అయితే ఆ కృప పొందినవాడు చేసినది ఒప్పుకొనక, కొట్టే చెయ్యి దించక, క్షమాపణ హక్కుగా అడుగుట తగదు.

కాబట్టి సంఘ పెద్దలకు, తల్లిదండ్రులకు మా మనవి ఇది. కన్నీటితో వచ్చిన కూతురిని తిరిగి పంపుటకు తొందరపడకండి. ముందు ఆమెకు భయము లేని చోటు, వినే చెవి ఇవ్వండి. గృహ హింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టము మన దేశములో 2005లోనే వచ్చింది. 181 నంబరుకు ఫోను చేసి సహాయము అడుగవచ్చును. అట్లు అడుగుట విశ్వాసమునకు లోటు కాదు. కొట్టినవానిని కూడా విడిచిపెట్టకండి. పెద్దలు అతని ఎదుట కూర్చుని సత్యము చెప్పాలి. అతడు మారుటకు ఏండ్లు పట్టినా కనిపెట్టాలి. క్షమించే సమయమును ఆమెకు, ఆమె దేవునికి విడిచిపెట్టండి.

సత్యము మనలను స్వతంత్రులనుగా చేయునని మన ప్రభువు సెలవిచ్చాడు. మన ఇండ్లలో ముందుగా ఆ సత్యము పలుకబడును గాక.