బ్రేకులో పోయే పెట్రోలు

మా పెద్దన్నయ్య ఇరవై ఏళ్లుగా విజయవాడలో టాక్సీ నడుపుతున్నాడు. బందరు రోడ్డు మీద అల్లంత దూరాన ఎర్రలైటు కనిపించగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తాడు. బండి గేరులోనే నెమ్మదిగా సాగుతుంది. అక్కడికి చేరేసరికి చాలాసార్లు పచ్చలైటు వచ్చేస్తుంది. పక్కనుంచి రయ్యిమని దూసుకెళ్లిన కారు ఆ సిగ్నల్ దగ్గరే కనిపిస్తుంది.

"బ్రేకు తొక్కినప్పుడల్లా కొన్న పెట్రోలు పారబోసినట్టేరా" అంటాడు నాతో. నిజమే. పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగమంతా బ్రేకుల్లో వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. మళ్లీ కదలాలంటే మళ్లీ పెట్రోలే.

డిగ్రీ చదువుతున్న వాళ్లబ్బాయికి ఈ నడక నచ్చదు. "ఎడ్లబండిలా ఏంటి నాన్నా ఇది" అని విసుక్కుంటాడు. వాడి చేతికి స్టీరింగు వస్తే హైవే మీద 100కు తగ్గదు. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుందన్నది వాడు చదువుకున్న పాఠమే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 45-55 మధ్య వెళ్లినప్పుడు 40 శాతం వరకు ఎక్కువ మైలేజీ వస్తుందని ఇంధన పొదుపు కోసం కేంద్రం పెట్టిన పీసీఆర్‌ఏ సంస్థ చెబుతోంది.

దిగుడు రోడ్డులో న్యూట్రల్ చేస్తే కలిసొస్తుందని వాడి నమ్మకం. అది పాత కార్బురేటర్ బళ్ల నాటి మాట. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేరు ఉంచి కాలు తీస్తే పెట్రోలు సరఫరా దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్లో మాత్రం ఇంజిన్ ఆగకుండా ఉండటానికి కొంత ఖర్చవుతూనే ఉంటుంది. పైగా బండి మీద పట్టు తగ్గుతుంది.

మొన్నో రాత్రి అన్నయ్య వాడిచేతే లెక్క కట్టించాడు. టాక్సీ నెలకు 3,000 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు 18 వస్తే 167 లీటర్లు చాలు. 15 వస్తే 200 కావాలి. తేడా 33 లీటర్లు. లీటరు వంద రూపాయలే అనుకున్నా 3,300.

"నీ బస్సు పాసూ, చెల్లి ట్యూషన్ ఫీజూ ఇందులోంచే కడుతున్నాను" అన్నాడు. వాడేం మాట్లాడలేదు.

మీ బండి సంగతి మీరూ చూసుకోవచ్చు. ట్యాంకు నిండా కొట్టించి రీడింగు రాసుకోండి. మళ్లీ నిండా కొట్టించినప్పుడు, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ తెలిసిపోతుంది. మావాడు కారులో ఓ చిన్న నోటుబుక్కు పెట్టాడు. ఆ రోజు బండి ఎవరు నడిపారో కూడా పక్కనే రాస్తున్నాడు.