జనం చూడని జింక

మా గౌడవెల్లి నుంచి జూకు వెళ్ళడమంటే హైదరాబాదును ఈ కొస నుంచి ఆ కొసకు కొలవడమే. బొలారం దాటాక, మేడ్చల్‌కు ఇవతల వచ్చే చిన్న స్టేషను మాది. జూ ఏమో దక్షిణాన బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువు పక్కన. రైలు దిగి, బస్సెక్కి అక్కడికి చేరేసరికి సద్దిమూట సగం ఖాళీ!

1963 అక్టోబరు 6న తెరిచిన ఈ నెహ్రూ జూ విస్తీర్ణం సుమారు 380 ఎకరాలు. లోపల దారి అడగనక్కరలేదు. జనం వెంట నడిస్తే చాలు, పులి దగ్గరికో ఏనుగు దగ్గరికో చేరతాం. పులి నిద్రపోతున్నా ఎవరూ కదలరు. "పైసలిచ్చి వచ్చినం బిడ్డా, అది లేచేదాంక పోయేది లేదు" అన్నాడు నా పక్కన నిలబడ్డ ఒక ముసలాయన.

జంతువులకు జనాదరణ ఎలా వస్తుందో నాకు కౌలాలంపూరులో కొంత తెలిసింది. అక్కడ స్థిరపడిన మా బావగారు నెగరా జూ చూపించారు. మన జూ తెరిచిన మరుసటి నెలలోనే అదీ తెరిచారు. అక్కడి వింత టేపిర్. పందిలాంటి ఒళ్ళు, పొట్టి తొండం, నల్లని ఒంటికి నడుమున తెల్లదుప్పటి కప్పినట్టుంటుంది. నిజానికి అది ఖడ్గమృగానికీ గుర్రానికీ చుట్టం. థాయ్ భాషలో దాని పేరుకు "కలపడం పూర్తయింది" అని అర్థం. మిగిలిన ముక్కలన్నీ కలిపి దేవుడు చేశాడట! సింహంలా గర్జించదు, కోతిలా గెంతదు. కానీ పిల్ల పుట్టిందంటే ఏ జూకైనా పండగే. ఒంటినిండా చారలూ చుక్కలూ, అచ్చం పుచ్చకాయ! కొన్ని నెలల్లో అవి మాసిపోతాయి గనుక ఆలోగా చూడాలని జనం ఆరాటం. అడవుల్లో మాత్రం పెద్ద టేపిర్లు 2500కు లోపేనని అంచనా.

అదే దేశంలో ఇంకో చిన్న జీవికి అంతకు మించిన పేరు. అది మూషిక జింక. "సాంగ్ కంచిల్" పేరుతో మలయ్ కథల్లో పులినీ మొసలినీ బోల్తా కొట్టించే జాణ అదే. 1994లో వచ్చిన ఒక చిన్న కారుకు కూడా ఆ పేరే పెట్టుకున్నారు.

దాని చుట్టం మన నల్లమలలోనూ ఉంది. బరువు మూడు కిలోలకు అటూ ఇటూ. కొమ్ములుండవు. గోధుమవన్నె ఒంటిమీద తెల్లని చుక్కలు. చీకటిపడ్డాకే బయటికొస్తుంది, అలికిడైతే మాయం. వేటగాళ్ళకు సులువుగా చిక్కి తగ్గిపోతుంటే, 2010లో నెహ్రూ జూలోనే ఆరు జంతువులతో వాటి సంతతిని పెంచడం మొదలుపెట్టారు. అత్తాపూరులోని లాకోన్స్ శాస్త్రజ్ఞులు, కేంద్ర జూ అథారిటీ, అటవీశాఖ చేతులు కలిపారు. ఆరు కాస్తా వంద దాటాయి. 2017లో కొన్నిటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. జూలో పుట్టిన జీవి తిరిగి అడవికి పోవడం చిన్న సంగతి కాదు.

ఇంత పని జరిగిన ఆవరణ సందర్శకుల దారిలో లేదు. ఉండకపోవడమే మంచిది, ఆ పిరికి ప్రాణానికి మన కేకలు పడవు. కాని మన పిల్లలకు దాని పేరైనా తెలియకపోతే ఎలా? నక్కకు కథలున్నాయి, కుందేలుకున్నాయి, కోతికున్నాయి. మన అమ్మమ్మలు ఈ చుక్కల బుడతకూ ఒక కథ అల్లి పెడితే, ముందు పిల్లలకు దానిమీద మమకారం పుడుతుంది. వల పన్నే చెయ్యి ఆగడానికి కావలసింది ఆ మమకారమే.