కాలికి తగిన జోడు

రోజుకు అయిదు పూటలా వుజూ చేసే ఇళ్ళలో పాదాలను మరచిపోవటం కష్టం. చీలమండల దాకా నీళ్ళు పోసి, ఎడమచేతి చిటికెన వేలిని కాలివేళ్ళ సందుల్లో ఒక్కొక్కటిగా పోనిచ్చి కడుగుతాము. పిల్లలకు దీన్ని ఆరాధనగా నేర్పుతాము, అది ఆరాధనే. అయితే మధుమేహం ఉన్న ఇంట్లో అదే పని వైద్యపరీక్ష కూడా అవుతుంది. వేళ్ళ సందున ఒరుపు, మడమ మీద పొక్కు, అరికాలిలో ముల్లు, ఏది ఉన్నా ఆ చిటికెన వేలికి ముందుగా తెలుస్తుంది.

మావారికి పదకొండేళ్ళుగా మధుమేహం ఉన్నది. అంతకు ముందు నుంచే మా పెద్ద బావగారికీ ఉండేది. ఆయన చెప్పులో దిగిన చిన్న మేకు రోజంతా కాలిలో గుచ్చుకుంటున్నా ఆయనకు తెలియలేదు. నొప్పి తెలియకపోవటమే ఆ వ్యాధిలోని అసలు ప్రమాదం. పుండు మానలేదు. చివరకు రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. అందువల్ల మా కుటుంబంలో చెప్పుల జోడు కొనటం అలంకారానికి సంబంధించిన విషయం కాదు.

మావారు ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పారు. గోడకు వేలాడదీసిన పటం మీద బెత్తంతో హిమాలయాలను చూపించటమే గాని ఆ నేల మీద కాలు మోపింది లేదు. పదవీ విరమణ చేసిన ఏడాది ఉత్తరాఖండ్‌లోని పూలలోయ చూడాలని ముచ్చటపడ్డారు. 1982లో జాతీయ ఉద్యానవనమై, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన చోటు అది. జులై, ఆగస్టు నెలల్లో పూలు విరగబూస్తాయి, వానలూ అప్పుడే. పుల్నా నుంచి ఘాంఘరియాకు సుమారు 10 కిలోమీటర్ల ఎక్కుడు, అక్కడి నుంచి లోయలోకి మరో మూడు, నాలుగు కిలోమీటర్లు. రాకపోకలన్నీ కలిపితే నాలుగు రోజుల నడక. సముద్రమట్టానికి 20 మీటర్ల ఎత్తయినా లేని పటమటలో బతికే మనకు, 3,000 మీటర్లకు పైబడిన ఘాంఘరియాలో తడిసిన దారి మీద నడవటం కొత్త సంగతే.

డాక్టరుగారు ముందు మావారి పాదాలు పరీక్షించారు. సన్నని నైలాను పోగును అరికాలిలో పలుచోట్ల ఆనించి, కళ్ళు మూసుకుని తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. పాదం పైన నాడి పట్టి చూశారు. స్పర్శ బాగానే ఉన్నదని తేల్చి, రెండు షరతులు పెట్టారు. కొత్త బూట్లతో కొండ ఎక్కరాదు. రోజుకు ఒక్కసారైనా మేజోళ్ళు విప్పి పాదాలను వెలుతురులో చూడాలి. ఈ రెండు షరతుల చుట్టూనే మా కొనుగోలు అంతా తిరిగింది.

బందరు రోడ్డు మీది దుకాణాలలోనూ, హైవే వైపున్న పెద్ద క్రీడా సామగ్రి దుకాణంలోనూ చూశాము. ప్రతిచోటా మొదట వినిపించిన మాట వాటర్‌ప్రూఫ్. ఆ మాట వినగానే నీళ్ళంటే ఇక భయం లేదన్న ధీమా కలుగుతుంది. కాని నీటి సంగతి మన ఊరికి 2024 సెప్టెంబరులో తెలిసివచ్చింది. ఒకవైపు బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. మరొకవైపు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ రోజుల్లో మా అబ్బాయి స్నేహితులతో కలిసి అన్నం పొట్లాలు మోసుకుని నడుములోతు నీళ్ళలో తిరిగాడు. వాళ్ళలో గమ్‌బూట్లు తొడిగినవారే ఎక్కువ అవస్థ పడ్డారట. రబ్బరు ఒక్క చుక్కను కూడా లోపలికి రానివ్వదు. అయితే పైఅంచు దాటి వచ్చిన నీటిని బయటికీ పోనివ్వదు. సాయంత్రానికి వాళ్ళ పాదాలు నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉండేవి. నీటిని ఆపే జోడుకు ఒక ఎత్తు ఉంటుంది. నీరు ఆ ఎత్తు దాటితే ఆ గుణమే దోషమవుతుంది.

కొండనడక బూట్లలో ఉండేది రబ్బరు గోడ కాదు. పైబట్టకూ లోపలి అస్తరుకూ మధ్య ఒక పలుచని పొర ఉంటుంది. గోర్‌టెక్స్ అన్న పేరుతో ప్రసిద్ధమైన పొరకు మూలమైన పదార్థాన్ని 1969లో అమెరికాలో బాబ్ గోర్ కనుగొన్నారు. దానిలోని సూక్ష్మరంధ్రాల గుండా నీటిబొట్టు దూరలేదు, చెమట ఆవిరి పోగలదు. అయితే ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలి లోపలికన్నా చల్లగా, పొడిగా ఉండాలి. మన ఉక్కపోతలో అది జరగదు. అందుకే విజయవాడలో తెల్లవారుజామున నడిచేవారికి, కొండపల్లి కొండ ఎక్కేవారికి జాలీబట్టతో చేసి, తడిసినా త్వరగా ఆరిపోయే తేలిక బూట్లే మేలు. వాటర్‌ప్రూఫ్ బూట్లు కొంటే పాదం చెమటతోనే తడుస్తుంది. చలి, రోజంతా సన్నని వాన, తడిగడ్డి కలిసిన చోట మాత్రం ఆ పొర విలువ తెలుస్తుంది. అక్కడ తడిసిన బూటు మరునాటికి కూడా ఆరదు. మేము వెళ్ళేది అలాంటి చోటికే గనుక ఆ పొర ఉన్నవాటినే ఎంచుకోవాలనుకున్నాము.

ఆ తర్వాతి ప్రశ్న ఎత్తు. చీలమండ కిందికే ఆగిపోయేవా, పైకి కప్పేవా? దుకాణంలోని కుర్రవాడు తేలికగా ఉంటాయని పొట్టివాటినే చూపుతున్నాడు. ఈ ప్రశ్నకు సమాధానం మాకు మసీదులో దొరికింది.

చన్నీళ్ళ దేశంలో దారి మధ్యన వుజూ ఎలాగని మావారు ఇమాము సాహెబును అడిగారు. ఆయన తోలు మేజోళ్ళ మీద, అంటే ఖుఫ్ఫైన్ మీద, మసహ్ చేసే అనుమతిని గుర్తుచేశారు. తబూక్ ప్రయాణంలో ముగీరా బిన్ షుఅబా (రజి) దైవప్రవక్త (స) పాదాల నుంచి వాటిని తీయబోతే, పరిశుద్ధ స్థితిలోనే తొడుక్కున్నాను, ఉండనివ్వమని ఆయన వారించి, వాటి మీద తడిచేతితో తుడిచిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. హనఫీ పండితులు ఇందుకు చెప్పిన నియమాలు వింటుంటే మాకు ఆశ్చర్యం కలిగింది. జోడు చీలమండలను పూర్తిగా కప్పాలి. కాలిమీద జారిపోకుండా నిలవాలి. పైన పడిన నీరు లోపలి పాదానికి చేరరాదు. దానితో ఒక ఫర్‌సఖ్, అంటే సుమారు మూడు మైళ్ళు, నడిచినా చిరగరాదు. కాలి చిన్నవేళ్ళు మూడు పట్టేంత చినుగు ఉండరాదు. దుకాణంలో మేము అడగవలసిన ప్రశ్నలను ఫిఖ్‌హ్ పండితులు ఎన్నో వందల ఏళ్ళ కిందటే వరుసగా రాసిపెట్టారు. చీలమండ కిందికే ఉండే బూటు మీద మసహ్ చెల్లదు గనుక మేము ఎత్తయినవే తీసుకున్నాము. రాళ్ళ మీద మడమ మెలిక పడకుండా కాపాడేదీ ఆ ఎత్తే.

స్వస్థలంలో ఉన్నవారికి ఈ అనుమతి ఒక పగలూ ఒక రాత్రి; ప్రయాణికులకు మూడు పగళ్ళు, మూడు రాత్రులు. మూడు రోజులని వినగానే మాకు డాక్టరుగారి రెండో షరతు గుర్తుకు వచ్చింది. మూడు రోజులు బూటు విప్పకపోతే పొక్కును చూసేదెవరు? ఇమాము సాహెబు నవ్వి, అనుమతి సౌలభ్యం కోసమే గాని పాదాన్ని దాచిపెట్టటం కోసం కాదన్నారు. రోజుకు ఒక క్రమం చెప్పారు. ఫజ్ర్‌కు పాదాలు కడిగి, పూర్తి వుజూతో బూట్లు తొడుక్కోవాలి. దారిలో జుహ్ర్‌కు, అస్ర్‌కు పాదాల పైభాగాన మసహ్ చేసుకోవాలి. బసకు చేరాక విప్పి, గోరువెచ్చని నీటితో కడిగి, తుడిచి చూసుకోవాలి. మసహ్ చేశాక జోడు విప్పితే పాదాలు కడగటం ఎటూ తప్పదు. ఆ విధంగా ధర్మం చెప్పినదీ వైద్యుడు చెప్పినదీ ఒకే వేళకు కలిసివచ్చాయి.

ముస్లిం కుటుంబాలు చూసుకోవలసినది మరొకటి ఉన్నది. కొన్ని బూట్లకు లోపలి అస్తరుగా పందితోలు వాడతారు. ఆ తోలు మీద రోమరంధ్రాలు మూడేసి చొప్పున గుంపులుగా కనిపిస్తాయి. అత్యధిక పండితుల దృష్టిలో పదును చేసినా అది శుద్ధి కాదు. లోపలి చీటీ చదివి, అనుమానం తీరకపోతే పూర్తిగా కృత్రిమ పదార్థంతో చేసినవి తీసుకోవటం మంచిది. మేము అదే చేశాము.

ఇక కొలత. సాయంత్రానికి పాదం కొంత ఉబ్బుతుంది. కొండ దిగేటప్పుడు వేళ్ళు ముందుకు నెట్టుకుపోతాయి. అందువల్ల బూట్లు సాయంత్రం పూట, నడకలో వేసుకోబోయే మందపు మేజోళ్ళతోనే తొడిగి చూడాలి. చాలాకాలం చెప్పులతో తిరిగిన పాదాల ముందుభాగం విప్పారి ఉంటుంది గనుక అంకె ఒక్కటే చూస్తే చాలదు, వెడల్పూ చూడాలి. మావారి బొటనవేలికి ముందు బొటనవేలంత ఖాళీ ఉండేలా చూసుకున్నాము. మేము దుకాణంలోని మెట్లు పది సార్లు ఎక్కి దిగుతుంటే ఎవరూ అడ్డుచెప్పలేదు. మేజోళ్ళు నూలువి వద్దు. అవి చెమట పీల్చి తడిగానే ఉండి చర్మాన్ని ఒరుస్తాయి. ఉన్నివి గాని, ఉన్ని కలిసినవి గాని మేలు.

అడుగుభాగం చూడటం కూడా ముఖ్యమే. 1935లో ఆల్ప్స్ పర్వతాలలో తన మిత్రులు ఆరుగురు మరణించాక, ఇటలీకి చెందిన విటాలె బ్రమాని లోతైన గాళ్ళున్న రబ్బరు అడుగును తయారుచేశారు. ఈనాటి కొండబూట్లన్నిటికీ మూలం అదే. ఆ గాళ్ళు తడిరాయి మీద, మట్టి మీద పట్టునిస్తాయి. మన రేగడి మాత్రం వాటిలో అతుక్కుని బూటును బరువెక్కిస్తుంది. యనమలకుదురు దాటి కృష్ణ కరకట్ట మీద వానపడిన మరునాడు నడిచినవారికి అది అనుభవమే. మా కొత్త బూట్లకు అక్కడే ఆరు వారాలు అలవాటు చేశాము. మొదట అరగంట, తర్వాత గంట, చివరి ఆదివారాలలో కొండపల్లి కోట దాకా. రెండో వారంలో మావారి ఎడమ మడమ ఎర్రబడింది. లేసు కట్టే తీరు మార్చి, పైకొక్కెం దగ్గర మరో మెలిక వేసి బిగించాక మడమ లోపల కదలటం ఆగింది.

ఆ మధ్య మా ఎదురింటివారు తమ అబ్బాయి బూట్లు ఇస్తామన్నారు. ఒక్కసారే తొడిగినవి, ఎనిమిదేళ్ళుగా అటక మీద ఉన్నాయి. వారి మంచి మనసుకు కృతజ్ఞతలు చెప్పి, అడుగుభాగాన్ని వేలితో నొక్కి చూడగానే పొడి రాలింది. చాలా బూట్ల మధ్యపొరలో వాడే పాలియురెథేన్ గాలిలోని తేమకు కొన్నేళ్ళలో విచ్చిపోతుంది. వాడకుండా దాచినా అంతే. మన డెల్టా తేమలో ఇది తెలుసుకోవలసిన సంగతి. పైకి కొత్తగా ఉన్న బూటు కొండ మీద అడుగు ఊడితే దిక్కుండదు.

పూలలోయలో రెండు రోజులు ఎడతెగని సన్నవాన. ఘాంఘరియా దారిలో హేమకుండ్ యాత్రికులను మోసే కంచర గాడిదలు తిరుగుతాయి. దారి పొడవునా లద్దె. నమాజుకు ముందు బూట్ల అడుగులను గడ్డికి రుద్ది, నీళ్ళతో కడిగి, శుభ్రమయ్యాయని చూసుకుని వాటితోనే నిలబడ్డాము. లోయలో ఒక వాగు దాటుతుండగా నీరు మావారి కుడి బూటులోకి పైనుంచి దిగింది. వెంటనే విప్పి, నీరు వంపి, సంచిలోని పొడి మేజోళ్ళు మార్చాము. మసహ్ అక్కడితో ముగిసింది గనుక రెండు పాదాలూ ఆ వాగునీటితోనే కడిగి మళ్ళీ తొడుక్కున్నారు. ప్రతి సాయంత్రం బసలో దీపం దగ్గరగా పెట్టి ఆ పాదాలను మేము చూశాము. ఎర్రదనం ఒక్కచోట కనిపించింది, మరునాటికి తగ్గింది. నాలుగు రోజులూ పొక్కు రాలేదు. అల్‌హమ్దులిల్లాహ్.

కొనేముందు దారి ఎటువంటిదో, పాదం ఎటువంటిదో తెలుసుకోండి; ఆ తర్వాతే జోడు వెతకండి. ఉక్కలో నడిచేవారు గాలి ఆడేవి, చలివానలో నడిచేవారు నీరు చొరనివి తీసుకోండి. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలుంటే ఈ రాత్రి ఇషా వుజూ చేశాక వారి పాదాలను తువ్వాలుతో తుడిచే పని మీరు తీసుకోండి. వేళ్ళ సందులు మరచిపోవద్దు. ఎంత ఖరీదైన బూటు కూడా ఆ పని చేయలేదు.