రెండు పక్కలా లేపాలి

ఆదివారం పొద్దున మేం ఇంటి ముందు కారు కింద పడుకున్నాం. ఇద్దరం అన్నదమ్ములం. ఒకడు బ్యాంకులో గుమాస్తా, ఒకడు బడిపంతులు. వీధిన పోయేవాళ్లు ఓ చూపు చూసి పోయారు. వాళ్లకిందులో వింతేం లేదు. సాయిబు కారు కింద కాక ఇంకెక్కడుంటాడు?

మాకు మాత్రం వింతే. మా నాయన నలభై ఏళ్లు గుంటూరు ఆటోనగర్‌లో కార్ల కింద బతికాడు. మమ్మల్ని ఒక్క పానా పట్టుకోనివ్వలేదు. షెడ్డుకి అన్నం క్యారేజీ తీసుకెళ్తే గుమ్మం దగ్గరే అందుకుని పంపేసేవాడు. "మీ చేతులకు గ్రీజు అంటకూడదురా" అనేవాడు. అంటలేదు. అందుకే ఆ పొద్దున పదిహేడో నంబరు పానా ఏదో, పంతొమ్మిది ఏదో తెలియక పుస్తకం చదువుకునేవాళ్లలా ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూసుకుంటున్నాం.

బండి పాత స్విఫ్టు, సెకండ్‌హ్యాండ్. చెల్లెల్ని నంద్యాల ఇచ్చాం. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కితే ప్రతి మలుపులోనూ బండి ఒక పక్కకి ఒరిగేది. అమ్మ వాంతులు చేసుకునేది. ఒరుగుడు తగ్గాలంటే వెనక ఒక స్వే బార్ వేయించాలన్నారు. మెకానిక్కులు స్టెబిలైజర్ రాడ్ అంటారు. కంపెనీ ఇచ్చింది కాదు, బయట విడిగా దొరుకుతుంది. తెప్పించాం. షెడ్డుకి తీసుకెళ్తే నాయన పాత శిష్యులే ఉంటారు, డబ్బులు తీసుకోరు. అది మాకు ఇష్టంలేక, ఇంట్లోనే బిగిద్దామనుకున్నాం.

తమ్ముడికి ముందు చట్టం భయం పట్టుకుంది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. ట్రంకు పెట్టె తెరిచి ఆర్సీ తీసి చూశాం. అందులో ఏ రాడ్డు ఊసూ లేదు. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్టం వచ్చిన దగ్గర్నుంచీ మా కాగితాలన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉంటున్నాయి లెండి. తాత భూమి పన్ను రసీదు దగ్గర్నుంచి కారు ఇన్సూరెన్సు దాకా.

ఈ రాడ్డు చేసే పని చిన్నదే. ఒక స్ప్రింగు ఇనుప కడ్డీని వంచి రెండు చివర్లూ రెండు చక్రాల వైపు బిగిస్తారు. రెండు చక్రాలూ కలిసి లేస్తే అది ఊరుకుంటుంది. ఒకటి లేచి ఒకటి దిగినప్పుడే మెలిపడుతుంది. మెలిపడటం దానికిష్టం ఉండదు గనక బండిని ఒరగనివ్వదు. లావు కొంచెం పెరిగినా బిగువు చాలా పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ బదులు అలాంటిదే 22ది వేస్తే దాదాపు 46 శాతం ఎక్కువ. అలాగని వెనక మరీ బిగిస్తే వానలో మలుపు తిరిగేటప్పుడు తోక జారుతుంది. గుంతల రోడ్డు మీదైతే ఒక చక్రానికి తగిలిన దెబ్బ రెండోదానికీ చేరుతుంది. ఇదంతా మేం చదివి తెలుసుకున్నాం. నాయన ఆ కడ్డీని చేత్తో ఎత్తి చూసి, "ఇంకొంచెం లావుదైతే వద్దనేవాణ్ణి" అన్నాడు.

ఆ వంగిన కడ్డీని చూస్తే మాకు తాత విల్లు గుర్తొచ్చింది. మేం దూదేకులవాళ్లం. తాత ఊరూరా తిరిగి నరం కట్టిన విల్లుతో పత్తి ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. ఫోము పరుపులొచ్చాక ఆ విల్లు అటకెక్కింది, నాయన గుంటూరొచ్చి షెడ్డులో హెల్పరుగా చేరాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అబ్బా అనం, నాయనా అంటాం. చెల్లెలి సంబంధాలప్పుడు ఒక ఉర్దూ ఇంటివాళ్లు "నమాజు కూడా తెలుగులోనే చదువుతారా?" అని నవ్వి లేచిపోయారు.

ఇక రెండో పక్క. ఒకాయన పన్నెండేళ్లు తన కారు నాయన చేతిలోనే పెట్టాడు. బ్రేకులు, స్టీరింగు, అన్నీ. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి. "సాయిబు చెయ్యి పడితే నిశ్చింత" అనేవాడు. అన్నకు ఉద్యోగం వచ్చాక ఆయన ఇంట్లోనే పై వాటా ఖాళీ అయితే అడిగాం. ఆయన నాయన ముఖం చూడకుండా, "మాంసం వండుతారు గదా" అన్నాడు. మర్నాడు క్లచ్చి ప్లేటు మార్చమని కారు పంపాడు. నాయన మార్చాడు. మేం ఆ రోజు నాయనతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం తప్పని ఇప్పుడనిపిస్తోంది. బ్రేకులు నమ్మేవాడికి గది ఇవ్వకపోవడం ఆయన సిగ్గు. మేం దాన్ని నాయన సిగ్గు చేశాం.

సరే, కారు కింద సంగతి. కుడిపక్క జాకీ వేసి లేపాం, చక్రం తీశాం, కుడిపక్క బోల్టు ఎక్కించాం. ఎడమపక్క బోల్టు ఎక్కడం లేదు. రంధ్రానికీ రంధ్రానికీ రెండు వేళ్ల తేడా. కడ్డీ తప్పుడు కొలతదని ఒకళ్లం, తిరగేసి పెట్టామని ఇంకొకళ్లం. గడ్డపార పెట్టి లాగాం. సుత్తితో కొట్టాం. గంటన్నర.

ఆ చప్పుడుకి నాయన కర్ర పట్టుకుని బయటికొచ్చాడు. ముందు జాకీ వైపు చూశాడు. స్టాండు లేకుండా వట్టి జాకీ మీద బండి ఉంది. "బయటికి రండి. ముందు మీరు బయటికి రండి" అని అరిచాడు. చిన్నప్పుడు కూడా ఆ గొంతు మేం వినలేదు. జాకీ జారితే ఏమవుతుందో ఆయన షెడ్డులో చూశాడు. మాకెప్పుడూ చెప్పలేదు.

తర్వాత నిదానంగా అన్నాడు. "ఒక పక్క లేపి ఒక పక్క నేల మీద పెడితే రాడ్డు మెలిపడదా? రెండు పక్కలా సమానంగా లేపాలిరా."

పక్క వీధి షెడ్డు నుంచి రెండు స్టాండ్లు తెచ్చాం. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాం. వెనక రెండు పక్కలా ఒకే ఎత్తుకి లేపాం. బోల్టు వేళ్లతోనే వెళ్లిపోయింది.

సోమవారం బ్యాంకులో అన్న గోళ్లు చూసి ఒకాయన, "ఏం సాయిబూ, కులవృత్తా?" అన్నాడు. మా కులవృత్తి పత్తి ఏకడమండీ అని చెప్పాడట. ఆయనకు అర్థం కాలేదట.

తర్వాతి వారం నంద్యాల బయల్దేరాం. వంద కిలోమీటర్లు దాటాక నాయన ఒక చెట్టు కింద ఆపమన్నాడు. కొత్త బోల్టులు అంత దూరం తిరిగాక మళ్లీ బిగించి చూడాలి. అమ్మ అన్నం సంచిలోంచి పదిహేడో నంబరు పానా తీశాడు. తను వంగలేడు. ఒక్క క్షణం దాన్ని చేతిలోనే పెట్టుకుని, తమ్ముడికిచ్చాడు.

కుడిపక్కది పావు తిప్పు తిరిగింది. ఎడమది కదల్లేదు.