లాగి చూశావా?

మా డైనింగ్ టేబుల్‌లో సగం మీద అన్నం తింటాం. మిగతా సగం మీద జింక వెంట్రుకలు, టర్కీ కోడి ఈకలు, రంగురంగుల దారపు కండెలు, కొక్కేలు ఉంటాయి. ఒకసారి సాంబార్‌లో పొడవాటి వెంట్రుక కనిపిస్తే మా ఆయన గరిట పక్కన పెట్టి ‘నీదా, జింకదా?’ అని అడిగారు. జింకదే.

నేను మిషిగన్ వచ్చింది హెచ్‌4 వీసా మీద. అంటే ఆయనకి ఉద్యోగం, నాకు కిటికీ. మొదటి చలికాలమంతా ఆ కిటికీలోంచి పక్కింటి గరాజ్‌లో వెలిగే లైటు చూస్తూ గడిపాను. దాని కింద ఒక పెద్దాయన గంటలు గంటలు వంగి కూర్చుని ఏదో చేస్తుండేవారు. గడియారాలు బాగుచేస్తారేమో అనుకున్నా. సంక్రాంతికి అరిసెలు ఇద్దామని వెళ్తే తెలిసింది, ఆయన చేపల కోసం చేపలు తయారుచేస్తున్నారని.

నిజంగా అదే పని. ట్రౌట్ చేపని పట్టడానికి ఈకలతో, దారంతో కొక్కెం మీద కట్టే ఎరని ‘ఫ్లై’ అంటారు. పేరుకి ఈగే. చిన్న ట్రౌట్లు పురుగులు తింటాయి కాబట్టి ఎక్కువ ఫ్లైలు పురుగుల్లాగే ఉంటాయి. కానీ బ్రౌన్ ట్రౌట్ పెద్దదయ్యాక పురుగులతో దాని కడుపు నిండదు. చేపల్ని తినడం మొదలెడుతుంది. అందుకని దానికి చేపలా కనిపించే ఫ్లై కట్టాలి. అది స్ట్రీమర్. ఇక్కడి నదుల్లో రాళ్ళ మధ్య స్కల్పిన్ అని ఒక చేప ఉంటుంది. మన ఇసుకదొందులాగే తల పెద్దది, ఒళ్ళు చిన్నది. పెద్దాయన కట్టేవి ఎక్కువగా అవే.

ఆయన చేతులు వణుకుతాయి. ఆ రోజు దారం కొక్కేనికి చుట్టబోయి మూడుసార్లు జారవిడిచారు. నేను చూడలేక ‘ఒక్కసారి నేను చుట్టనా?’ అన్నాను. మా అమ్మమ్మది కడియం పక్కన ఊరు. మూరకింత అని పూలు కట్టేది. సెలవుల్లో మాకూ అదే పని. దారం ఎంత బిగిస్తే కాడ తెగుతుందో, ఎంత వదులైతే పువ్వు రాలుతుందో వేళ్ళకి తెలిసిపోతుంది. నేను చుట్టింది చూసి పెద్దాయన తన కుర్చీలోంచి లేచి నన్ను అందులో కూర్చోమన్నారు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే చేపలు కట్టడం గురించి ఏమీ అడగలేదు. ‘పట్టుకున్నదాన్ని పులుసు పెట్టకుండా మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారా? మతులు పోయాయా ఏంటే!’ అంది. నా దగ్గర ఇప్పటికీ దానికి జవాబు లేదు.

పెద్దాయనకి కావాల్సింది మామూలు స్ట్రీమర్ కాదు, కీలు ఉన్నది. అయిదారు అంగుళాల చేపని పొడవాటి ఒకే కొక్కెం మీద కడితే నీళ్ళలో పుల్లలా వస్తుంది. పైగా చేప తల విదిలిస్తే ఆ పొడవాటి కాడ మీటలా పనిచేసి నోట్లోంచి ఊడిపోతుంది. అందుకని రెండు పొట్టి కొక్కేలు తీసుకుంటారు. ముందు వెనకదాన్ని పూర్తిగా కట్టేయాలి. తోకకి మారబూ, అంటే ఊదితే కదిలేంత మెత్తటి ఈక. తర్వాత ముందు కొక్కేన్ని వైస్‌లో బిగించి, పూసల నగలు గుచ్చే సన్నటి ఉక్కు తీగతో వెనకదాన్ని దానికి తగిలించాలి. తీగకి రెండు పూసలు ఎక్కించి, వెనక కొక్కెం కంట్లోంచి తిప్పి, మళ్ళీ పూసల్లోంచే వెనక్కి తేవాలి. ఆఖర్న తలకి జింక వెంట్రుక. అది లోపల బోలుగా ఉంటుంది కాబట్టి దారం బిగించగానే పువ్వులా విచ్చుకుంటుంది. దాన్ని బ్లేడుతో వెడల్పు తలలా చెక్కుతాం. నీళ్ళలో లాగి ఆపినప్పుడు తల ఆగిపోతుంది, వెనక సగం ఆగదు, పక్కకి తిరుగుతుంది. దెబ్బతిన్న చేపలాగా. 1999లో కెల్లీ గాలప్, బాబ్ లిన్సెన్‌మన్ పెద్ద ట్రౌట్లకి స్ట్రీమర్లు వాడటం గురించి ఒక పుస్తకం రాశారు. పెద్దాయన దగ్గర దాని అట్ట ఊడిపోయి టేపుతో ఉంది.

ఇక్కడ అందం ఈకలది, ప్రాణం మాత్రం ఆ తీగది. తీగ రెండు కొసల్నీ ముందు కొక్కెం కాడ మీద దారంతో బిగించాక వెనక్కి మడవాలి. మడత మీద ఇంకోసారి చుట్టాలి. జిగురు చుక్క వేసి ఆరనివ్వాలి. తర్వాత వెనక కొక్కేన్ని ప్లయర్స్‌తో పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. నేను ఏది కట్టి చూపించినా పెద్దాయన మొదట అడిగేది రంగు గురించి కాదు. ‘లాగి చూశావా?’

డబ్బులిస్తానన్నారు. నా వీసా ఒప్పుకోదని చెప్తే ఆయన నవ్వారు, నేను నవ్వలేదు.

మిషిగన్‌లో ఏప్రిల్ చివరి శనివారం ట్రౌట్ సీజన్ మొదలవుతుంది. ఆ ఏడాది పెద్దాయనకి అదే ఆఖరి మొదటిరోజు. జూన్‌లో ఇల్లు అమ్మేసి ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. డజను స్ట్రీమర్లు కట్టిపెట్టమన్నారు. సగం పద్ధతిగా కట్టాను. మిగతా సగం గురువారం రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని కట్టాను. తీగ మడవలేదు. లాగి చూడనూ లేదు. మడత లేకపోతే నిమిషం మిగులుతుంది. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నాయి.

శనివారం తెల్లారకముందే ఒసాబుల్ నదికి బయల్దేరాం. దారిలో గ్రేలింగ్ అనే ఊరు వస్తుంది. ఒకప్పుడు ఈ నది నిండా ఉన్న గ్రేలింగ్ చేప పేరే ఆ ఊరికి పెట్టారు. చెట్లు కొట్టి దుంగలు నదిలో తోసి, పట్టినన్ని పట్టి, 1930లు వచ్చేసరికి మిషిగన్‌లో ఆ చేపే లేకుండా చేశారు. బ్రౌన్ ట్రౌట్ ఇక్కడిది కాదు. జర్మనీ నుంచి గుడ్లుగా వచ్చింది. 1884లో ఈ రాష్ట్రంలోనే ఒక ఏట్లో మొదట వదిలారు. దానికి మాత్రం పని చేసుకునే హక్కు వెంటనే వచ్చింది.

మయో అనే ఊరి దిగువన పడవ ఎక్కాం. తెడ్డు వేసే గైడు మధ్యలో, పెద్దాయన ముందు, నేను వెనక. వేళ్ళు మొద్దుబారే చలి. పదింటి దాకా ఏమీ లేదు. పడిపోయిన ఒక దేవదారు చెట్టు పక్కకి పెద్దాయన ఫ్లై విసిరారు. రెండుసార్లు లాగారు. చెట్టు నీడలోంచి పసుప్పచ్చటిది ఒకటి, నా చేతి పొడవుంటుంది, పక్కకి తిరిగి ఫ్లైని అందుకుంది. స్ట్రీమర్‌తో అయితే కర్ర పైకెత్తకూడదు, దారాన్నే బలంగా లాగాలి. పెద్దాయన అలాగే లాగారు. చేతుల్లో ఆ క్షణం వణుకు లేదు. చేప రెండుసార్లు తల విదిలించింది. దారం వదులైపోయింది.

ఆయన నెమ్మదిగా చుట్టుకుని ఫ్లైని అరచేతిలో పెట్టుకున్నారు. ముందు సగమే ఉంది. వెనక కొక్కెం, పూసలు లేవు. తీగ కొస ఒకటి గాల్లో వేలాడుతోంది.

‘లాగి చూశావా?’

‘చూశాను’ అన్నాను.

తలూపి ఇంకో ఫ్లై కట్టుకున్నారు. సాయంత్రం దాకా రెండు చిన్నవి పడ్డాయి, వదిలేశారు. తిరిగొచ్చేటప్పుడు మూడు గంటల దారిలో అరిసెల్లో ఏం వేస్తారో అడిగారు. నేను బెల్లం గురించి చెప్తూనే ఉన్నాను.

కొక్కెం ఎదురుముల్లు ముందే నొక్కేస్తాం కాబట్టి ఆ చేప నోట్లోంచి అది రాలిపోయే ఉంటుంది. రాత్రి పడుకుంటే మాత్రం అది నోట్లోనే ఉన్నట్టు కనిపించేది. మూడో రోజు మా ఆయనకి చెప్పాను. ‘నాకెందుకు చెప్తున్నావ్?’ అన్నారు. నిజమే.

గరాజ్‌కి వెళ్ళి నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. పెద్దాయన ఆ సగం ఫ్లైని సొరుగులోంచి తీసి లైటు కింద పెట్టారు. తెగిన తీగ అయితే కొస పోగులు పోగులుగా చిట్లుతుందట. ఇది నున్నగా ఉంది, తిన్నగా ఉంది. ఎక్కడా మడత ఆనవాలు లేదు. జారిపోయింది. పడవలోనే ఆయనకి తెలుసు.

‘అప్పుడే అనొచ్చు కదా?’ అన్నాను. నాకు కోపం కూడా వచ్చింది, ఎందుకో.

‘నువ్వు చెప్పాల్సింది నేనెందుకు చెప్పాలి?’

ఇంకేమీ అనలేదు. ఫ్లైల డబ్బా తెరిచారు. మిగిలినవి పదకొండు. ఏవి ముందు కట్టానో, ఏవి గురువారం రాత్రి కట్టానో నాకే తెలియడంలేదు. ఒక్కోటి వైస్‌లో బిగించి ప్లయర్స్‌తో లాగాను. నాలుగు ఊడొచ్చాయి. నాలుగోది ఊడినప్పుడు పూస ఎగిరి సిమెంటు నేల మీద దొర్లుతూ పోయింది. దాన్ని వెతకడానికి ఇద్దరం ఫోన్ టార్చ్ వేసుకుని బల్ల కిందకి దూరాం.

మే రెండో వారంలో మళ్ళీ వెళ్దామన్నారు. నాలుగు తక్కువయ్యాయి కదా, ఉక్కు తీగ కండె తీసుకుని కూర్చున్నాను.